సెయింట్ లూయిస్ ఎలా పుట్టింది, ఎందుకంత పెరిగింది? మిసిసిపీ ఒడ్డు ఊరి మీద చర్చ

రేవు_కబుర్లు:
సెయింట్ లూయిస్ చరిత్ర అనగానే ఎక్కువమంది 1804 మే నెలలో అమెరికా ప్రభుత్వం పంపిన అన్వేషకులు లూయిస్, క్లార్క్ పడమటికి బయల్దేరిన దగ్గర్నుంచి మొదలుపెడతారు. అప్పటికే ఆ ఊరికి నలభై ఏళ్ళు. ఫ్రెంచివాళ్ళు కట్టారు, స్పెయిన్ ఏలింది, ఆ తర్వాతే అమెరికా చేతికొచ్చింది. ఆ నలభై ఏళ్ళు తెలియకపోతే తర్వాతి వందేళ్ళు అర్థం కావని నా నమ్మకం. అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

పియర్ లక్లేడ్ అనే ఫ్రెంచి వర్తకుడు న్యూ ఆర్లియన్స్‌లో ఉండేవాడు. మిస్సోరీ నది వెంబడి ఉన్న తెగలతో తోళ్ళ వ్యాపారం చేసుకునే ప్రత్యేక హక్కు అతని కంపెనీకి వచ్చింది. 1763 ఆగస్టులో సరుకేసుకుని పడవెక్కితే, ఎదురు ప్రవాహంలో మూడు నెలలు పట్టి నవంబరుకి చేరాడు. తీరా వస్తే సెయింట్ జెనెవీవ్ అనే పల్లెలో సరుకు పెట్టుకోవడానికి సరిపడా చోటు లేదు. అవతలి ఒడ్డున షార్ట్ర్ కోటలో తాత్కాలికంగా దింపుకుని, డిసెంబరులో చోటు వెతుకుతూ నది పైకి వెళ్ళాడు. నచ్చినచోట చెట్లకి గాట్లు పెట్టించి వెనక్కొచ్చాడు. 1764 ఫిబ్రవరి మధ్యలో దాదాపు ముప్ఫైమంది పనివాళ్ళనిచ్చి ఆగస్ట్ షోటో అనే కుర్రాణ్ణి పంపాడు. లక్లేడ్‌తో కలిసి బతుకుతున్న మరీ తెరేజ్ షోటో కొడుకే ఈ ఆగస్ట్. అప్పటికి పద్నాలుగేళ్ళు మించవు. ముందు పనిముట్లకి ఒక పాక వేశారు, తర్వాత తాము ఉండటానికి గుడిసెలు. ఊరికి పాతకాలపు ఫ్రెంచి రాజు తొమ్మిదో లూయీ పేరు పెట్టారు.

అంత పొడవు నదిలో అదే చోటు ఎందుకు? అక్కడే అంతలా ఎందుకు పెరిగింది? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత_పటాలు:
రేవు_కబుర్లు గారూ, మొదటిదానికి జవాబు పటం చూస్తేనే దొరుకుతుంది. మిస్సోరీ వచ్చి మిసిసిపీలో కలిసే సంగమం ఊరికి కాస్త పైనే ఉంది. వ్యాపారం చేసుకునేవాడికి సంగమం పక్కనే ఉంటే ఇంకా మేలు. కానీ అక్కడ నేల పల్లం, వరదొస్తే కొట్టు, సరుకు రెండూ పోతాయి. దిగువన ఈ చోటుకొచ్చేసరికి పడమటి ఒడ్డున సున్నపురాయి గట్టు నీటికి బాగా ఎత్తుగా లేచింది. గట్టు ఎత్తుగా ఉంటే చాలదు కదా, పడవలోంచి మూట పైకెక్కాలి. ఆ రాతిగట్టు మధ్యలో నీటిదాకా దిగడానికి సహజంగానే గండ్లున్నాయి. మునగని మెట్ట, దానిమీదికి దారి, వెనకాల దున్నుకోవడానికి చదును నేల, వంటచెరకుకి అడవి. ఇవన్నీ ఒకేచోట దొరకడం ఆ నది మీద అరుదు.

రాజకీయం కూడా కలిసొచ్చింది. 1763 పారిస్ ఒప్పందంతో న్యూ ఆర్లియన్స్ తప్ప మిసిసిపీ తూర్పు ఒడ్డంతా ఇంగ్లీషువాళ్ళ పాలైంది. అక్కడి కహోకియా, కస్కాస్కియా పల్లెల్లోని ఫ్రెంచి క్యాథలిక్కులు ఇంగ్లీషు పాలనలో ఉండటం ఇష్టంలేక సామాన్లు సర్దుకుని ఇవతలికి దాటారు. లక్లేడ్‌కి జనం అలా దొరికారు. విచిత్రం ఏంటంటే, వాళ్ళు ఫ్రెంచి నేలే అనుకుని వచ్చిన పడమటి ఒడ్డుని ఫ్రాన్స్ 1762లోనే రహస్యంగా స్పెయిన్‌కి ఇచ్చేసింది. ఆ కబురు నది పైకి రావడానికే 1764 చివరిదాకా పట్టింది. స్పెయిన్ అధికారి వచ్చి పాలన చేతిలోకి తీసుకున్నది 1770లో.

నల్లరేగడి:
చర్చ బాగుంది, కానీ ఒక మాట ముందే చెప్పాలి. ఖాళీ అడవిలో ఒక వర్తకుడు ఊరు కట్టాడన్నట్టు రాస్తుంటే నాకు మింగుడుపడదు. ఆ ఊరికి ఎదురుగా, నది అవతల కహోకియా దిబ్బలున్నాయి. సుమారు 1050 నుంచి 1200 మధ్య అక్కడ పది, ఇరవై వేలమంది ఉండేవారని పురావస్తు నిపుణుల అంచనా. అక్కడి పెద్ద దిబ్బ దాదాపు 30 మీటర్ల ఎత్తు. బుట్టలతో మట్టి మోసి పోసిన దిబ్బ అది, కొండేమీ కాదు. సెయింట్ లూయిస్ వైపున కూడా అలాంటి దిబ్బలు రెండు డజన్లకి పైగా ఉండేవి. అందుకే చాలాకాలం దాన్ని దిబ్బల నగరం అనేవారు. ఊరు పెరిగేకొద్దీ ఒక్కొక్కటే తవ్వేశారు. అన్నిట్లోకీ పెద్దదాన్ని 1869కల్లా నేలమట్టం చేసి, ఆ మట్టిని రైలుకట్టకి తోలారు. అందులో మనుషుల సమాధులున్నాయని తెలిసి కూడా.

ఇంకొకటి. ఊరు మొదలైన కొత్తలోనే మిస్సోరియా తెగ వాళ్ళు, 150 మంది యోధులు, ఆడవాళ్ళు, పిల్లలతో వచ్చి మీ పక్కనే ఉంటాం అన్నారు. లక్లేడ్ ఇంటి నేలమాళిగ తవ్వింది ఆ తెగ ఆడవాళ్ళూ పిల్లలే. చెక్క పళ్ళేల్లో, బుట్టల్లో మట్టి నెత్తిన పెట్టుకుని మోశారు. కూలి కింద ఇంగిలీకం, కంచు చిలుము రంగు, తోలు కుట్టే ఆరెలు ఇచ్చారు. ఇది షోటో పెద్దయ్యాక తన చేత్తో రాసుకున్న సంగతి. పని అయ్యాక, మీ శత్రువులు మీమీదికి వస్తున్నారని భయపెట్టి ఆ తెగని తిరిగి మిస్సోరీ మీదికి పంపేశారు. ఆ ఊళ్ళో మొట్టమొదటి పెద్ద ఇంటికి పునాది తవ్వినవాళ్ళకి ఆ ఊళ్ళో ఉండే చోటు లేకపోయింది. స్థాపకుల జాబితాలో ఆ ఆడవాళ్ళుండాలి.

రేవు_కబుర్లు:
నల్లరేగడి గారూ, పూర్తిగా ఒప్పుకుంటాను. దానికి ఇంకో ముక్క కలుపుతాను. ఊరు నిలబడింది ఓసేజ్ తెగ మీద. పడమట వేట నేలలన్నీ వాళ్ళ చేతుల్లో ఉండేవి. తోళ్ళు వాళ్ళివ్వాలి, వర్తకులు వాళ్ళ ఊళ్ళకి పోవాలన్నా వాళ్ళు ఒప్పుకోవాలి. ఆగస్ట్, అతని తమ్ముడు పియర్ షోటో ఏళ్ళ తరబడి వాళ్ళ మధ్య తిరిగి, భాష నేర్చి, చుట్టరికాలు కలుపుకున్నారు. ఆ ఇంటి సంపదంతా అక్కణ్ణుంచి వచ్చిందే.

ఊళ్ళో నాణేలు కనపడేవే కావు. లేడి తోళ్ళే డబ్బు. ఇల్లు కొన్నా, అప్పు తీర్చినా పత్రంలో తోళ్ళ లెక్కే రాసేవారు. ఒక ఊరి బజారు మొత్తం అడవిలో వేట మీద ఆధారపడిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

లక్లేడ్ మాత్రం ఆ సంపద చూడలేదు. 1778లో న్యూ ఆర్లియన్స్ నుంచి తిరిగొస్తూ దారిలోనే, ఆర్కాన్సాస్ నది కలిసేచోటు దగ్గర చనిపోయాడు, అప్పులతో.

గోదారి_గట్టు:
నేను చరిత్ర చదివినదాన్ని కాదు, కానీ నది పక్కన పెరిగాను. ఆ మూడు నెలల ప్రయాణం దగ్గర నా మనసు ఆగిపోయింది. మా కాలవల్లో పాత రోజుల్లో సరుకు పడవల్ని గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. మిసిసిపీ లాంటి మహానదిలో ఎదురెక్కాలంటే ఎలాగండీ? తాడు పని చేస్తుందా?

లంగరు:
చేసేది అమ్మా, అదే పద్ధతి. కీల్‌బోట్ అని సన్నగా పొడుగ్గా ఉండే పడవలు. తెరచాపకి గాలి దొరికితే అదృష్టం. లేకపోతే పడవ అంచున వరసగా నిలబడి, గెడలు అడుగున గుచ్చి, భుజం ఆనించి, ముక్కు నుంచి తోకదాకా నడుస్తూ తొయ్యాలి. నీరు లోతైతే గెడ అందదు. అప్పుడు ఇరవై మంది దిగి పొడవాటి తాడు భుజాన వేసుకుని, బురదలో, ముళ్ళపొదల్లో, ఒక్కోచోట నడుంలోతు నీళ్ళలో లాగడమే. మీ కాలవకి చదునైన గట్టు ఉంటుంది, అక్కడ ఒడ్డు రోజూ విరిగిపడుతూ ఉండేది. ఒక రోజుకి పదిహేను మైళ్ళు సాగితే గొప్ప. దిగువకి మాత్రం ప్రవాహమే తీసుకుపోయేది.

ఇదంతా 1817 ఆగస్టుతో మారిపోయింది. జెబులన్ ఎం. పైక్ అనే చిన్న స్టీమరు సెయింట్ లూయిస్ రేవుకొచ్చింది. దాని ఇంజను ఎంత బలహీనమంటే, ప్రవాహం గట్టిగా ఉన్నచోట పనివాళ్ళు గెడలేసి సాయం పట్టాల్సి వచ్చింది. అయినా దారి తెలిసింది. కొన్నేళ్ళలోనే నెలల ప్రయాణం రోజుల్లోకి దిగింది.

ఇప్పుడు రేవు_కబుర్లు గారి రెండో ప్రశ్నకొస్తాను, ఇంత ఎందుకు పెరిగింది అని. నా లెక్కలో అసలు కారణం నీటి లోతు. న్యూ ఆర్లియన్స్ నుంచి సెయింట్ లూయిస్ దాకా నది లోతు ఎక్కువ, పెద్ద స్టీమర్లు వస్తాయి. అక్కణ్ణుంచి పైన మిసిసిపీ, మిస్సోరీ, ఇల్లినాయి నదుల్లో మేటలు, రాళ్ళు, నీళ్ళలో మునిగిన చెట్టుమొద్దులు. తేలిగ్గా, తక్కువ నీటిలో పోయే స్టీమర్లు కావాలి. పైగా చలికాలంలో పై నది గడ్డకడుతుంది. అంటే కిందినుంచి వచ్చిన ప్రతి మూటా, పైనుంచి వచ్చిన ప్రతి మూటా ఇక్కడ దిగి, వేరే పడవెక్కాల్సిందే. దిగిన సరుకుకి గోదాము కావాలి, హమాలీ కావాలి, కమిషన్ వ్యాపారి, బీమా, బ్యాంకు, బస, భోజనం కావాలి. సరుకు చెయ్యి మారే చోట డబ్బు నిలుస్తుంది. తోళ్ళు, సీసం, తర్వాత గోధుమ, పొగాకు, జనపనార, అన్నీ ఈ గట్టు మీదే చెయ్యి మారాయి.

పాత_పటాలు:
లంగరు గారి మాటకి అంకెలు తోడిస్తాను. జనాభా లెక్కల్లో ఊరి జనం 1830లో 4,977. 1840లో 16,469. 1850లో 77,860. 1860లో 1,60,773. ముప్ఫై ఏళ్ళలో ముప్ఫై రెట్లు. 1850 నాటికి జర్మన్లు, ఐరిష్‌వాళ్ళు వరదలా వచ్చారు. ఊరి కింద సున్నపురాయిలో సహజమైన గుహలున్నాయి, ఏడాదంతా చల్లగా ఉంటాయి. ఐస్ మిషన్లు లేని రోజుల్లో జర్మన్ల లాగర్ బీరు నిలవుండటానికి అవి దొరకడం గొప్ప వరం. 1840ల్లో ఆడమ్ లెంప్ బీరు వ్యాపారం అలాగే మొదలుపెట్టాడు. ఆ ఊరి బీరు పేరు ఆ రాయిలోంచి వచ్చింది.

ఆర్చ్_పక్కింటి:
నేను ఈ ఊళ్ళోనే ఉంటాను. పాత పేటల్లో నడుస్తుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: ఎటు చూసినా ఎర్ర ఇటుక. దానికి కారణం 1849 మే 17 రాత్రి. రేవులో కట్టేసి ఉన్న వైట్ క్లౌడ్ అనే స్టీమరుకి నిప్పంటుకుంది. కట్టుతాడు కాలి తెగిపోయింది. మండుతున్న స్టీమరు ప్రవాహంతో దిగువకి జారుతూ పక్కన వరసగా నిలబడ్డవాటికి ఒక్కొక్కదానికే నిప్పు పెడుతూ పోయింది. మొత్తం 23 స్టీమర్లు కాలాయి. గట్టు మీద పేర్చిన జనపనార, పీపాలు అంటుకుని మంట వీధుల్లోకి ఎక్కింది. 430 దాకా కట్టడాలు పోయాయి. ఆర్పడానికి వేరే దారి లేక మంట ముందున్న కట్టడాల్ని మందుగుండుతో పేల్చి ఖాళీ చేయాలనుకున్నారు. థామస్ టార్గీ అనే అగ్నిమాపక దళం నాయకుడు మందు పీపా లోపలికి మోస్తూ పేలుడులో చనిపోయాడు. ఆ తర్వాతే చెక్క వద్దు, ఇటుక, రాయితోనే కట్టాలని నిబంధన వచ్చింది. ఊరి కింద మంచి బంకమన్ను ఉండటంతో ఇటుక బట్టీలే ఒక పరిశ్రమ అయ్యాయి.

దానికి తోడు కలరా. ఆ ఏడాది 4,000 మందికి పైగా పోయారు. అప్పటికి నీళ్ళ వల్ల వస్తుందని ఎవరికీ తెలియదు, చెడ్డగాలి అనుకుని వీధుల్లో తారు, గంధకం కాల్చారు. లక్లేడ్ కాలంలో పిండిమర కోసం కట్టిన చెరువు, తర్వాత షోటో చెరువు అని పిలిచేవారు, ఒకప్పుడు జనం షికారుకెళ్ళే చోటు. అప్పటికి అందులోకి ఊరి మురుగంతా వస్తోంది. ఆ చావుల తర్వాత దాన్ని ఎండగట్టారు, మురుగు కాలవలు తవ్వడం మొదలుపెట్టారు. చెరువు పోయిన పల్లంలోకి తర్వాత రైలు పట్టాలొచ్చాయి. ఊరు పెరిగిన వేగానికి ఊరి నీళ్ళు, దారులు సిద్ధంగా లేవు. ఆ బాకీ బీదవాళ్ళు, కొత్తగా దిగిన వలసజనం ప్రాణాలతో తీర్చారు.

కోర్టు_కాగితం:
రేవు గట్టు మీద ఆ మూటలు మోసినవాళ్ళలో ఎందరో బానిసలు. దాన్ని వదిలేసి ఎదుగుదల మాట్లాడలేం. ఆ నదికి ఇవతల మిస్సోరీ, బానిసత్వం చట్టబద్ధం. అవతల ఇల్లినాయి, స్వేచ్ఛా రాష్ట్రం. ఎదుటి ఒడ్డు కంటికి కనిపిస్తూనే ఉండేది.

1846లో డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హ్యారియట్ సెయింట్ లూయిస్ కోర్టులో స్వేచ్ఛ కోరుతూ దావా వేశారు. మమ్మల్ని స్వేచ్ఛా ప్రాంతాల్లో ఉంచారు కాబట్టి మేము స్వతంత్రులం అన్నది వాళ్ళ వాదం. 1850లో ఇక్కడి జ్యూరీ వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. 1852లో రాష్ట్ర సుప్రీంకోర్టు తిప్పేసింది. 1857లో అమెరికా సుప్రీంకోర్టు నల్లజాతివాళ్ళు పౌరులే కాలేరని చెప్పింది. దేశం అంతర్యుద్ధం దాకా పోవడానికి ఆ తీర్పు ఒక పెద్ద కారణం. వాళ్ళొక్కరే కాదు, ఆ కోర్టులో అలాంటి దావాలు మూడొందలకి పైగా నడిచాయి. చదువు రానివాళ్ళు, ఆస్తి లేనివాళ్ళు, యజమాని పగబడతాడని తెలిసి కూడా మెట్లెక్కారు.

మేరీ మీచమ్ గురించి కూడా తెలుసుకోండి. స్వతంత్రురాలైన నల్లజాతి మహిళ. 1855 మే నెలలో ఒక రాత్రి కొందరు బానిసల్ని పడవలో ఇల్లినాయి ఒడ్డుకి దాటించే ప్రయత్నంలో ఆమె పాత్ర ఉందని అరెస్టు చేశారు. వాళ్ళు దాటిన చోటుకి ఇప్పుడు ఆమె పేరే పెట్టారు.

గోదారి_గట్టు:
కోర్టు_కాగితం గారూ, ధన్యవాదాలు. మూడొందల దావాలని చదివి కాసేపు వేరే పని చేయలేకపోయాను.

ఇంకో సందేహం. నది దారి మార్చుకుంటే రేవు చచ్చిపోతుంది కదా, మేటలు వేసి. వీళ్ళకా ఇబ్బంది రాలేదా?

లంగరు:
వచ్చింది, ఊరి ప్రాణం మీదికే వచ్చింది. 1830ల్లో ప్రవాహం ఇల్లినాయి వైపు మళ్ళడం మొదలైంది. ఊరి ముందు ఇసుక మేట పెరుగుతోంది. నది మధ్యలో బ్లడీ ఐలండ్ అనే లంక ఉండేది. ఏ రాష్ట్రానిదో తేలని నేల కాబట్టి పెద్దమనుషులు తుపాకులతో పంతాలు తేల్చుకునే చోటది. 1817లో థామస్ హార్ట్ బెంటన్ అక్కడే చార్లెస్ లూకస్‌ని కాల్చి చంపాడు, తర్వాత ఎన్నో ఏళ్ళు సెనేటర్‌గా ఉన్నాడు.

1837లో సైన్యం ఒక యువ ఇంజనీరుని పంపింది. పేరు రాబర్ట్ ఇ. లీ. అవును, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని అయిన ఆయనే. ఇల్లినాయి ఒడ్డు నుంచి లంక తలదాకా అడ్డుకట్ట వేసి నీటిని పడమటికి తొయ్యడం, లంక అంచు కోసుకుపోకుండా రాయి పేర్చడం ఆయన పథకం. నదితోనే మేటని తవ్వించడమన్నమాట. ప్రభుత్వం డబ్బు మధ్యలో ఆగిపోయింది, తర్వాత ఊరే ఆ పని కొనసాగించింది. రేవు బతికింది. ఆ లంక ఇప్పుడు అవతలి ఒడ్డులో కలిసిపోయింది.

కొత్త_సభ్యుడు_77:
ఇన్ని ఉండి కూడా షికాగో ఎలా దాటేసిందండీ? 1850లో షికాగో జనాభా 30 వేలు కూడా లేదు కదా.

రేవు_కబుర్లు:
మంచి ప్రశ్న. 1880కల్లా షికాగో 5 లక్షలు దాటింది, సెయింట్ లూయిస్ మూడున్నర లక్షల దగ్గరుంది. లంగరు గారు చెప్పిన కారణమే ఇక్కడ తిరగబడింది. సరుకు దించి ఎక్కించడం మీద బతికే ఊరికి, దించక్కర్లేని రవాణా వస్తే ఏమవుతుంది? రైలు ఆ పని చేసింది. 1856లో ఎగువన రాక్ ఐలండ్ దగ్గర మిసిసిపీ మీద మొదటి రైలు వంతెన తెరిచారు. కొద్ది వారాలకే ఎఫీ ఆఫ్టన్ అనే స్టీమరు దానికి గుద్దుకుని కాలిపోయింది. స్టీమరు యజమానులు దావా వేశారు, సెయింట్ లూయిస్ వ్యాపారులు వాళ్ళ వెనక నిలబడ్డారు. వంతెన తరఫున వాదించిన లాయర్లలో అబ్రహాం లింకన్ ఉన్నాడు. జ్యూరీ ఎటూ తేల్చలేదు, వంతెన మాత్రం నిలిచింది. పడమటి పంట రైలెక్కి నేరుగా షికాగో పోవడం మొదలైంది. తర్వాత అంతర్యుద్ధంలో దిగువ నది మూతపడి న్యూ ఆర్లియన్స్ వ్యాపారం తెగిపోయింది. ఆ ఏళ్ళలో షికాగో పాతుకుపోయింది.

సెయింట్ లూయిస్ పెద్దలు నదిని ఎక్కువ నమ్ముకున్నారని నేననుకుంటాను. నది అవతలికి రైలు దాటాలంటే ఫెర్రీ మీదే పోవాలి, చలికాలం మంచుగడ్డలొస్తే అదీ ఆగేది. వంతెన కట్టేసరికి 1874 వచ్చింది.

లంగరు:
ఆ వంతెన కట్టిన జేమ్స్ ఈడ్స్ గురించి చెప్పకుండా ఉండలేను. 1833లో పదమూడేళ్ళ కుర్రాడిగా ఈ ఊరు వచ్చాడు, వచ్చిన స్టీమరే రేవులో కాలిపోయింది. వీధుల్లో ఆపిల్స్ అమ్మాడు. పెద్దయ్యాక మునిగిన స్టీమర్ల సరుకు తీసే వ్యాపారం పెట్టి, గంట ఆకారం తొట్టెలో కూర్చుని నది అడుగున నడిచాడు. ప్రవాహం అడుగున ఇసుక కూడా కదులుతుందని చేత్తో తాకి తెలుసుకున్నాడు. అందుకే స్తంభాలు ఇసుకలో ఆగకూడదు, రాతిదాకా దిగాలని పట్టుబట్టాడు. తూర్పు స్తంభం నీటిమట్టానికి 90 అడుగులకి పైగా కిందికి దిగింది. అంత లోతులో ఒత్తిడి గాలి నింపిన కైసన్లలో (నది అడుగుకి దించే పెద్ద పెట్టెల్లో) పనిచేసి, త్వరగా పైకొచ్చిన కూలీలకి కీళ్ళు పట్టేసి, చచ్చుబడి, పదిహేనుమంది దాకా చనిపోయారు. ఆ జబ్బు ఎందుకొస్తుందో అప్పటికి డాక్టర్లకీ తెలియదు. మధ్య కమాను 520 అడుగులు, ఉక్కుతో. అంత పెద్ద కట్టడానికి ఉక్కు వాడటం అప్పటికి కొత్త. జులై 4న తెరవడానికి ముందు జూన్‌లో ఒక ఏనుగుని దాటించారు, బలం లేని వంతెన మీద అది అడుగుపెట్టదని జనం నమ్మకం. తర్వాత రైలింజన్లు ఒకేసారి నిలబెట్టి పరీక్షించారు.

నల్లరేగడి:
ఇక్కడికొచ్చి చూడాలనుకునేవాళ్ళకి ఆ పాత ఊళ్ళో ఏమైనా మిగిలిందా? ఆర్చ్_పక్కింటి గారు చెప్పాలి.

ఆర్చ్_పక్కింటి:
లక్లేడ్ ఊరు నేల మీద మిగల్లేదండీ. దాదాపు నలభై బ్లాకుల పాత రేవు పేటని 1939 నుంచి కూలగొట్టి చదును చేశారు. 1965లో పూర్తయిన 630 అడుగుల గేట్‌వే ఆర్చ్ అనే స్మారక కమాను నిలబడింది ఆ నేల మీదే. మాన్యుయల్ లీసా అనే తోళ్ళ వర్తకుడు 1818లో కట్టిన రాతి గోదామునైనా ఉంచుతారనుకుంటే 1959లో అదీ తీసేశారు. పడమటి తోళ్ళ వ్యాపారానికి గుర్తుగా మిగిలిన కట్టడం అది, పోగొట్టుకోవడం అన్యాయం. 1834 నాటి పాత కెథడ్రల్ మాత్రం అలాగే ఉంది. 2017 తానా సభలకి వచ్చినవాళ్ళలో కొందరు దాని ముందునుంచి నడిచే ఉంటారు.

వస్తే ఆర్చ్ ఎక్కి దిగి వెళ్ళిపోకండి. స్కాట్ దంపతుల కేసు నడిచిన పాత కోర్టు భవనం ఆర్చ్‌కి ఎదురుగానే ఉంది. ఊరి దక్షిణ భాగంలో షుగర్‌లోఫ్ దిబ్బ ఉంది, నగరంలో మిగిలిన చివరి దిబ్బ. 2009లో ఓసేజ్ జాతివాళ్ళే అందులో కొంత భాగం కొనుక్కున్నారు. నది దాటి పావుగంట కారులో వెళ్తే కహోకియా పెద్ద దిబ్బ, మెట్లెక్కితే పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. ఈడ్స్ వంతెన ఇంకా వాడుకలో ఉంది. పైన కార్లు, నడిచే దారి, కింది అంతస్తులో మెట్రోలింక్ రైలు. సాయంత్రంపూట ఇల్లినాయి వైపు నుంచి నడిచి రండి. రేవు వాలు, పాత కెథడ్రల్ శిఖరం వరసగా కనిపిస్తాయి. వచ్చే ముందు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, తీరికుంటే నేనూ వస్తాను.